ఏడవని హక్కుదారుడు

"సొమ్ము పోయినోడు ఏడుస్తడు మేడం. ఈయన ఒక్కపారి గూడ ఏడువలే."

వందన ఆ మాట అనగానే ప్రవీణ టీ గ్లాసు కింద పెట్టేసింది. పొద్దున జగిత్యాలలో కారెక్కేటప్పుడు ఇదేదో కాగితాల తగాదా అనుకుంది. పెళ్లి సంబంధాల విచారణలు, బీమా క్లెయిముల ఆరాలు తీసే ఆడెపు ప్రవీణకు క్రిప్టో కాయిన్ల గొడవతో పనేమిటని దారి పొడుగునా తనను తానే అడుక్కుంది. ఇప్పుడు ఆ ప్రశ్న వెనక్కి పోయింది.

కోరుట్లలోని ఈ రెండు గదుల ఆఫీసు పేరు పడుగు పేమెంట్స్. విదేశాల్లో ఉండి సిరిసిల్ల బట్టో, జగిత్యాల మామిడో కొనేవాళ్లు కాయిన్లలో డబ్బు కడితే, దాన్ని తీసుకుని ఇక్కడి వ్యాపారులకు రూపాయల్లో ముట్టజెప్పడం వాళ్ల పని. పొరపాటున వచ్చిపడ్డ కాయిన్లు, ఎవరు పంపారో తెలియని కాయిన్లు వందన బల్ల మీదికి వస్తాయి. వాపసు ఇవ్వాలా వద్దా అని తేల్చేది ఆ పిల్లే. పాతికేళ్లు నిండి ఉండవు. నిద్ర లేక కళ్ల కింద నల్లబడింది.

"మొదటికెల్లి చెప్పు," అంది ప్రవీణ.

"పోయిన నెల ఆఖర్ల మా వాలెట్‌కు కాయిన్లు అచ్చినయి. ఆర్డర్ నంబర్ లేదు, పేరు లేదు. కొత్త నేత షెడ్డు కట్టి సాంచాలు వెట్టుకునేంత సొమ్ము. ఇది బ్యాంకు లెక్క కాదు మేడం. పంపినోని పేరు కనవడది. పొడుగు అడ్రస్ ఒకటి కనవడ్తది, గంతే. గసొంటియి మేం ముట్టం, పక్కకు వెడ్తం. కొన్ని రోజులైనంక మెయిల్ అచ్చింది. పేరు వేణు, మస్కట్ల ఉంటడట. పొరపాటున పంపిన, వాపస్ ఇయ్యుండ్రి అన్నడు."

"ఎంత పంపిండో, ఎప్పుడు పంపిండో కరెక్టుగ చెప్పిండా?"

"చెప్పిండు. గని అది లెక్కకు రాదు. నెట్ల ఎవలన్నా చూడొచ్చు. అందుకే మాకో పరీక్ష ఉంటది. కాయిన్లు ఏ వాలెట్‌కెల్లి అచ్చినయో, మల్ల అదే వాలెట్‌కెల్లి మేం చెప్పినంత చిన్న మొత్తం పంపాలె. దాని తాళంచెవి, అంటె రహస్య కోడ్ ఉన్నోడే పంపగలుగుతడు. పంపితె, వాపస్ గూడ ఆ వాలెట్‌కే పోతది. వేరే అడ్రస్‌కు పంపం."

"పంపిండా?"

"పంపిండు. ఒకటి పాయింట్ మూడు ఐదు పంపుమన్నం. ముందుగాల తప్పు పంపిండు, ఒకటి పాయింట్ ఒకటి రెండు. వేలు జారిందని మెయిల్ వెట్టి మల్ల సరిగ్గ పంపిండు."

"ఆ అంకె నువ్వే అనుకుంటవా?"

"కాదు. శ్రవణ్ సార్ చెప్తడు, నేను మెయిల్ల రాస్త. అంత ఒక్కరి చేతుల ఉండొద్దని గట్ల వెట్టుకున్నం. వాపస్ ఇయ్యాలన్నా ఇద్దరం నొక్కాలె. సార్ ఫోన్ల సార్, నా ఫోన్ల నేను."

"పరీక్ష పాసైండు. వాపస్ పోయేది కూడ వచ్చిన వాలెట్‌కే. ఇంకేం అనుమానం నీకు?"

వందన గోడవైపు చూసి, గొంతు తగ్గించింది.

"పోయినేడు మేడిపల్లి మామిడికాయల సేటు ఒకాయన గిట్లనే తప్పు అడ్రస్‌కు పంపిండు. పొద్దుగాల తలుపు తెరిచేసరికి మెట్ల మీద కూసోని ఉంటుండె. బిడ్డ పెండ్లి ఆగిపోతదని ఏడుస్తుండె. రాత్రి పగలు ఫోన్లు. ఈయన ఒక్క ఫోన్ చెయ్యలే. మెయిల్లల్ల రూల్ నంబర్లు రాస్తుండు. ఏ రూల్ కింద ఎన్ని రోజులల్ల ఇయ్యాల్నో నాకంటె ఆయనకే బాగ ఎరుక. మస్కట్ల పని చేస్కునేటోనికి మా రూల్సు నోటికి రావుడేంది మేడం?"

అప్పుడే లోపలి గది తలుపు తెరుచుకుంది. కంపెనీ యజమాని శ్రవణ్ బయటికి వచ్చాడు. ముప్పై దాటని మనిషి, మెత్తని మాట. చేతులు జోడించి ప్రవీణకు నమస్కారం పెట్టాడు.

"నేనైతే మొన్ననే ఇచ్చేస్తుంటి మేడం. పరీక్ష పాసైనోనికి ఆపుడు మా రూల్ కాదు. వందన మనసొప్పక మిమ్ముల పిలిచింది. మంచిదే. ఐదింటిదాక చూడుండ్రి. అటెన్క ఆపితె మాకే తిప్పలు. నోటీసు అచ్చింది."

"నోటీసు తెచ్చింది నేనే," అన్నాడు గుమ్మంలోంచి ఇంకో మనిషి.

ప్రవీణ తల తిప్పకుండానే గొంతు గుర్తుపట్టింది. జలపతి. పోలీసు ఉద్యోగం వదిలేసి కరీంనగర్‌లో ఏజెన్సీ పెట్టినవాడు. రెండేళ్ల కింద ఒక బీమా కేసులో చచ్చిపోయాడని జలపతి రాసిచ్చిన మనిషిని, ప్రవీణ బతికుండగా పట్టుకొచ్చి ఆఫీసర్ ముందు నిలబెట్టింది. ఆనాటి నుంచి ఇద్దరికీ ఒకరి నీడ ఒకరికి పడదు.

"నువ్వు వేణు తరఫునా?" అని అడిగింది ప్రవీణ.

"అవ్. ఇది పెండ్లిపిల్లగాడు తాగుతడా లేదా అని వాడకట్టుల అడిగే పని కాదమ్మా. నా క్లయింటు సొమ్ము నెల దగ్గర్నుంచి ఇక్కడ ఇరుక్కుంది. పరీక్ష వెట్టిండ్రు, పాసైండు. సాయంత్రం ఐదింటికి రాకపోతె రేపు పొద్దున ఈ పిల్ల మీద కేసు వెడ్త. కావాలని ఆపి కాజేద్దామని చూస్తుందని."

వందన తన ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టింది.

"నీ క్లయింటును చూసినవా?" అంది ప్రవీణ.

"ఫోన్ల మాట్లాడుకున్నం."

"ఫీజు?"

"మనిషి అచ్చి నగదు ఇచ్చిపోయిండు. ఎవలని అడుగకు, చెప్ప."

"సరే, అది అడుగ. ఒక్కటి చెప్పు. తప్పు అడ్రస్ ఆయన చేతికి ఎట్లచ్చింది?"

జలపతి నవ్వాడు. "పాత చాట్లకెల్లి కాపీ కొట్టిండు. ఇంకెవలికో పంపాల్సింది ఇక్కడ వడ్డది. లోకంల రోజూ జరిగేదే."

"ఎవలితోటి చాటు?"

"నాకేం ఎరుక?"

"నాకు ఇప్పుడే తెల్సింది, పంపినోని పేరు కనవడదని. అట్లనే తీసుకున్నోని పేరు గూడ కనవడది గదా. ఆ పొడుగు అడ్రస్ మీద కోరుట్ల అని లేదు, పడుగు పేమెంట్స్ అని లేదు. మరి మస్కట్ల ఉన్నోడు సీదా ఈ ఆఫీసుకే మెయిల్ ఎట్ల వెట్టిండు?"

ప్రవీణ వందనవైపు తిరిగింది. "ఒక్కొక్క గిరాకీకి ఒక్కొక్క అడ్రస్ ఇస్తరా, అందరికి ఒక్కటేనా?"

"ఒక్కో ఆర్డర్‌కు ఒక్కోటి. ఇది పోయినేడు చేసింది." వందన కంప్యూటర్‌లో వెతికి చెప్పింది. "సిరిసిల్ల కుమార్‌ది. సొంత సాంచాలు నడుపుకునే ఆసామి. మలేషియా వాళ్లు ఆయన దగ్గర చీరలు కొని దీంట్ల కట్టిండ్రు. ఆ ఒక్క ఆర్డరే. కాయిన్లు అచ్చిన తెల్లారి నేను కుమార్‌కు ఫోన్ చేసిన మేడం, స్విచాఫ్ అచ్చింది. రెండోపారి గూడ అంతే. సార్‌కు చెప్పిన."

"ఆసాములు నెలకో సిమ్ము మారుస్తరు, వదిలెయ్యి అన్న," అన్నాడు శ్రవణ్ ఒప్పుకుంటున్నట్టు. "అడగాల్సిందేమో."

"అయితేంది?" అన్నాడు జలపతి. "కుమార్ నా క్లయింటుకు దోస్తు కావచ్చు. అడ్రస్‌తోపాటు ఆఫీసు పేరు గూడ చెప్పి ఉండొచ్చు. తప్పేముంది?"

"ఏం లేదు. ఆ మాటే కుమార్ నోటి నుంచి వింట." ప్రవీణ కారు తాళాలు తీసుకుంది. "వందనా, నా ఫోన్ అచ్చేదాక నొక్కకు."

"ఐదింటిదాకనే," అన్నాడు జలపతి.

*

కథలాపూర్ దాటాక ప్రవీణ ఎక్కడా ఆగలేదు. వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. పుట్టి పెరిగిన ఊరే కాబట్టి ఆసామి కుమార్ ఇల్లు కనుక్కోవడానికి ఇద్దరిని అడిగితే సరిపోయింది.

సేట్ల దగ్గర నూలు తెచ్చుకుని, సొంత సాంచాల మీద బట్ట నేసిచ్చే చిన్న ఆసామి కుమార్. మరమగ్గాన్ని అక్కడ సాంచా అనే అంటారు. కుమార్ భార్య భాగ్య వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతోంది. ప్రవీణ తానెవరో చెప్పగానే చాట పక్కకు పెట్టి లేచింది.

"ఆయన ఇంట్ల లేడక్కా. సూరత్ పోయిండు, నూలు బేరానికి. నెల కావస్తుంది."

"ఎవలు తోలిచ్చిండ్రు?"

"సాయినాథన్న. మా ఆయనకు మేనత్త కొడుకు. ఇద్దరికి కలిపి ఒక్కటే షెడ్డు. ఆయనే బస్సెక్కిచ్చి అచ్చిన అన్నడు."

"కాయిన్ల సంగతి నీకు ఎరుకేనా చెల్లె?"

అడిగేది ఆడమనిషి, ఈ ఊరి పిల్లే అన్న ధైర్యంతో భాగ్య చెప్పింది. "ఎరుకే. ఆయనొక్కనియి కావు. మా వాడకట్టుల పద్నాలుగు ఇండ్లోల్లయి. పాత సాంచాలు అమ్మేసి కొత్త మగ్గాలు తెచ్చుకుందామని కూడవెట్టుకున్నయి. బయటి దేశంకెల్లి ఆర్డర్లు అచ్చినప్పుడల్ల కాయిన్లల్లనే తీస్కొని ఫోన్ల దాచిండు. అందరు నమ్మి ఇచ్చిండ్రు. ఆయనకు దానితోటే నిద్రలేకుండె."

"పోయినంక మాట్లాడిండా?"

"ఫోన్ ఎత్తడు. మెసేజ్ వెడ్తడు. ఇగో."

ప్రవీణ ఫోన్ అందుకుంది. 'నేను క్షేమంగా ఉన్నాను. పని పూర్తయిన వెంటనే వస్తాను. పిల్లలను జాగ్రత్తగా చూసుకో.' రెండు మూడు రోజులకొకటి, అన్నీ అదే తీరు.

"ఎప్పుడు గిట్లనే రాస్తడా?"

"రాసుడు ఎక్కడిదక్కా. ఆయనకు టైపు చేసుడంటె గిట్టది. ఎప్పుడైనా వాయిస్ వెడ్తడు. ఇదేందో పేపర్ల రాసినట్టుంది. ఊరు మారితె మనిషి మారిండు అనుకున్న." ఆ మాట అంటుండగానే భాగ్య గొంతు సన్నబడింది. తన మాట తన చెవికే కొత్తగా వినబడినట్టుంది. "అక్కా, ఏమన్న అయ్యిందా?"

"షెడ్డు చూపెట్టు," అంది ప్రవీణ.

షెడ్డు వెనక గల్లీలో ఉంది. షట్టర్ సగం ఎత్తి ఉంది. లోపల ఎనిమిది సాంచాలు. ఏడు నడుస్తున్నాయి. పక్కన నిలబడ్డవాడి మాట వినబడాలంటే చెవిలో అరవాల్సిందే. సాయినాథ్ ఒక్కడే ఉన్నాడు. భాగ్యను చూసి నవ్వితే ముందుపన్ను సగం విరిగి ఉండటం కనిపించింది.

"నాడె ఎగిరి తాకిందా?" అని, మగ్గంలో పోగు మోసుకెళ్లే నాడె దెబ్బలు చిన్నప్పటి నుంచి చూసిన ప్రవీణ తన పన్ను మీద వేలు పెట్టి అడిగింది.

"అవ్ మేడం, చిన్నప్పుడు. మీరెవలు?"

"కుమార్‌తోని పనుండె. సూరత్‌ల ఎక్కడ దిగిండు?"

"తెల్వది. ఏదో లాడ్జి. రేపో మాపో అస్తడు."

"ఒక్కనివే ఏడు సాంచాలు చూస్తున్నవా?"

"పనోళ్లు రాలే మేడం."

ప్రవీణ సాంచాల మధ్య నడిచింది. ఆగి ఉన్న ఎనిమిదోదాని దగ్గర వంగి చూసింది. పాత పడుగు అయిపోవస్తే కొత్త పడుగు పోగులను దానికి ఒక్కొక్కటే ముడేసి అతుకుతారు. ఇక్కడ సగం పోగులు అతికి ఉన్నాయి, సగం గాలికి వేలాడుతున్నాయి. వేలాడే పోగుల మీద దూది నుసి దట్టంగా పేరుకుంది. ఊరికి పోయే మనిషి పని మధ్యలో ఉంటే ఎవరికైనా అప్పజెప్పి పోతాడు. నేత ఇంట్లో పుట్టిన ఎవరూ అతుకు పని ఇలా వదిలి లేవరు. ఎవరో లేపితే తప్ప.

ఆమె వెనుకవరుసకు వచ్చింది. అక్కడ మూడు సాంచాలు మిగతావాటికంటే గట్టిగా కొట్టుకుంటున్నాయి. ప్రవీణ బట్ట చుట్టుకునే దుంగ మీద అరచెయ్యి ఆనించింది. దుంగ తిరగడం లేదు. నాడె అటూ ఇటూ ఎగురుతోంది కాని దాని కడుపులో పోగు లేదు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి తండ్రి పక్కన కూర్చున్నప్పుడల్లా చూసిందే, పోగు తెగితే సాంచా దానంతట అదే ఆగిపోతుంది. అలా ఆపే పుల్లను ఇక్కడ తీగతో బిగించి కట్టేశారు. మూడింటికీ అంతే.

ఆ మూడింటి వెనకాల ఒక చిన్న గది. తలుపుకు కొత్త తాళం.

"లోపలేంది?"

"సేటు నూలు మేడం. అరువుకు తెచ్చింది. తాళం సేటు దగ్గరనే ఉంటది."

"మరి ఇయ్యి ఉత్తగ నడుస్తున్నయేంది?"

సాయినాథ్ కన్ను తలుపు మీదికి పోయి వచ్చింది. "నూనె వోసిన. అరిగేదాక తిప్పుతున్న."

"మంచిది," అని ప్రవీణ భాగ్య చెయ్యి పట్టుకుని గల్లీలోకి వచ్చేసింది. అడుగు తొందరపడకుండా నడిచింది. నాలుగిళ్ల అవతల నిలబడి ఫోన్ తీసి వందనకు కలిపింది. సాయినాథ్ షట్టర్ కింద నిలబడి ఇటే చూస్తున్నాడు.

"వందనా, నొక్కినవా?"

"లేదు మేడం. సార్ ఫోన్‌లకెల్లి సార్ నొక్కేసిండు. నాదొక్కటే ఉంది. జలపతి సార్ ఎదురుంగనే కూసున్నడు."

"నొక్కకు. ఎవలు చెప్పినా నొక్కకు. పరీక్షకు తప్పు మొత్తం అచ్చింది అన్నవు. ఎంత?"

"ఒకటి పాయింట్ ఒకటి రెండు."

"మూడు ఐదు కొట్టవోయి ఒకటి రెండు కొట్టిండు. వేలు జారితె ఒక్క అంకె జారుతది, రెండు అంకెలు జారుతయా? చుక్క తీసేసి చదువు."

వందన గొంతు చిన్నగా వచ్చింది. "నూట పన్నెండు."

"ఆపదల పోలీసులకు చేసే నంబర్. వేణు అనేటోడే లేడు, ఆ కాయిన్లు పొరపాటున రాలే. కుమార్‌ను పట్టుకొని, ఫోన్ల ఉన్నదంత పంపు అని మెడ మీద కూసున్నరు. వాళ్ల అడ్రస్‌కు పంపినట్టు పంపి, తన ఫోన్ల సేవై ఉన్న మీ పాత అడ్రస్‌కు కొట్టిండు. తప్పైపోయిందని ఏడ్చి ఉంటడు. అది నీ చేతుల ఉన్నన్ని రోజులే ఆయన పానం ఉంటది. వాపస్ ఆ వాలెట్‌కు వడ్డదంటె, ఇగ ఆయనతోని వాళ్లకు పని లేదు."

భాగ్య గోడకు ఆనుకుంది. ప్రవీణ ఒక చేత్తో ఆమె భుజం పట్టుకుని, "ఫోన్ జలపతికియ్యి," అంది.

"విన్న," అన్నాడు జలపతి. స్పీకర్‌లో అంతా విన్నట్టున్నాడు. "కథ మంచిగున్నది. సాక్ష్యం?"

"నీకు ఫీజు ఇచ్చినోడు ఎట్లుంటడు?"

"చెప్ప అన్న గద."

"జలపతీ, పోయినపారి బతికున్నోన్ని చచ్చిండని రాసిచ్చినవు. ఈపారి నీ నోటీసుతోని ఒకడు నిజంగనే చస్తడు. నీ ఇష్టం."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినబడింది.

"నలభై ఏండ్లుంటయి. సన్నగ. ముందటి పన్ను సగం విరిగి ఉంది."

ప్రవీణ తల ఎత్తి చూసింది. షట్టర్ కింద సాయినాథ్ లేడు. గల్లీ చివర మోటారుసైకిల్ స్టార్ట్ అయిన శబ్దం, మలుపు తిరిగి దూరమైపోయింది.

"సిరిసిల్లల నాకు ఎరుకైన ఎస్సై ఉన్నడు," అన్నాడు జలపతి. ఈసారి గొంతులో వెటకారం లేదు. "ఇప్పుడే పంపుత. నువ్వు షెడ్డులకు పోకు."

ప్రవీణ అప్పటికే షెడ్డులో ఉంది. గోడకు ఉన్న మెయిన్ స్విచ్ కిందికి గుంజింది. ఏడు సాంచాలు ఒకదాని వెనుక ఒకటి నీరసించి ఆగిపోయాయి. చెవులు గింగురుమన్నాయి. ఆ నిశ్శబ్దంలో గది తలుపు వెనక నుంచి ఏదో నేలకేసి గీరిన శబ్దం. మళ్లీ ఒకసారి. ఆ తర్వాత గొంతు నొక్కినట్టు మూలుగు.

భాగ్య సాంచా కింద పడి ఉన్న సుత్తె అందుకుని తాళం మీద కొట్టింది. మొదటి దెబ్బ తప్పి తలుపుకు తగిలింది. రెండో దెబ్బ, మూడో దెబ్బ. కొక్కెం ఊడిపోయింది.

కుమార్ నూలు మూటల మధ్య కూర్చుని ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టి, నోటికి గుడ్డ కట్టి ఉంది. గడ్డం పెరిగింది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. గుడ్డ విప్పగానే భార్య ముఖం చూసి, "పిల్లలు మంచిగున్నరా?" అన్నాడు. భాగ్య అతని తల గుండెకు హత్తుకుంది. నెల రోజులు ఒక్క గల్లీ అవతల అన్నం వండుకుని తిన్నానన్న బాధ ఆమెను లోపల్లోపల కోస్తోంది.

ప్రవీణ కట్లు విప్పుతూనే అడిగింది. "సాయినాథ్ ఒక్కడేనా?"

"ఇక్కడ ఒక్కడే. గని వానికి ఫోన్ల చెప్పేటోడు ఉన్నడు. సార్ అంటడు. గా సార్ ఏం చెప్తె గది చేస్తడు." కుమార్ నీళ్లు తాగి, గోడవైపు గడ్డం చూపించాడు. "గా అంకె చూడుండ్రి."

సున్నం గోడ మీద బొగ్గుతో రాసి ఉంది. ఒకటి, చుక్క, మూడు, ఐదు.

"పరీక్షకు ఎంత పంపాల్నో ఫోన్ల విని గోడకు రాస్కున్నడు. అది పొద్దుగాల. కంపెనీ మెయిల్ అచ్చింది పొద్దుమీకి. నా ముంగటే చదివిండు. గదే అంకె. కంపెనీ అడగకముందే ఎంత అడుగుతదో వీనికి ఎట్ల తెల్సె మేడం? గప్పుడే సమజైంది నాకు. నేను ఏ కంపెనీని నమ్ముకొని కాయిన్లు తోలిచ్చిన్నో, దొంగ గా కంపెనీలనే ఉన్నడు. గందుకనే ఆ తప్పు అంకె కొట్టిన. వాడు తన్నిండు గని, ఎవలో ఒకళ్లు చూడకపోతరా అని."

ప్రవీణ చేతులు ముడి మీద ఆగిపోయాయి. పరీక్ష అంకె చెప్పేది శ్రవణ్ ఒక్కడే. వందన రాసేది మాత్రమే.

"నీ ఫోన్ల అన్ని కాయిన్లున్నయని సాయినాథ్ కాకుండ ఇంకెవలికి ఎరుక?"

"బయటోళ్లల్ల ఒక్కనికే. ఫోన్ల కాయిన్లు ఎట్ల దాచుకోవాల్నో నాకు నేర్పిందే ఆయన. పోయినేడు కోరుట్లకు పోతె సగం దినం కూసోవెట్టి చెప్పిండు. మంచి మనిషి అనుకున్న."

ప్రవీణ జేబులో ఫోన్ మోగింది. వందన.

"మేడం, జలపతి సార్ ఎస్సైతోని మాట్లాడిండు. జీపు వీర్నపల్లి దిక్కు పోయిందట, మలుపుకొని అచ్చేసరికి అర్ధగంట పడ్తదట. పరేషాన్ కాకుండ్రి. శ్రవణ్ సార్ మీతోనే ఉన్నడు గదా?"

"శ్రవణ్ ఇక్కడెందుకుంటడు?"

"మీరు పోయినంక పావుగంటకే మీ ఎన్క కారేసుకొని వెళ్లిండు మేడం. ఆడమనిషి ఒక్కతి పోయింది, తోడుంటే మంచిదని. తొవ్వలకెల్లే అప్రూవల్ నొక్కిండు. ఇందాక నేనే ఫోన్ చేసి చెప్పిన, మీరు కుమార్ షెడ్డుల ఉన్నరని."

సాంచాలు ఆగిపోవడంతో గల్లీలో చీమ చిటుక్కుమన్నా వినబడుతోంది. కారు తలుపు మూసిన శబ్దం, ఆ వెంటనే మోటారుసైకిల్ ఆగిన శబ్దం. ఇద్దరి అడుగులు షెడ్డు వైపే వస్తున్నాయి.

ప్రవీణ ఒక్క గుంజు గుంజి షట్టర్ నేల దాకా దించింది. లోపలి నుంచి వేయడానికి గడియ లేదు. భాగ్య సుత్తెను రెండు చేతులతో పట్టుకుని మొగుడికి అడ్డంగా నిలబడింది.

"మేడం," అంది షట్టర్ అవతలి నుంచి మెత్తని గొంతు. "సాంచాలు ఎందుకు బందు వెట్టిండ్రు?"